తోక దగ్గరి అయిదు అక్షరాలు

విమానాలను చూసి, వాటి మీది అక్షరాలను పుస్తకంలో రాసుకునే అలవాటు గురించి కిందటి సంచికలో నేను రాసిన వ్యాసానికి అనుకున్నదానికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఈ పనిని స్పాటింగ్ అనీ, చేసేవాళ్లను స్పాటర్లు అనీ మనవాళ్లూ అంటున్నారు కనుక నేనూ అవే మాటలు వాడుతున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాను. ‘దీనివల్ల ప్రయోజనమేమిటి’ అని అడిగిన పెద్దమనిషి మాత్రం ముందుగా తపాలా బిళ్లలు పోగుచేసేవారి దగ్గర జవాబు రాబట్టి, తరువాత నా దగ్గరికి రావాలని మనవి.

ప్రశ్న: మన దేశపు విమానాలన్నిటి మీదా ‘వీటీ’ అనే అక్షరాలు ఉంటాయి. దానికి ‘వైస్రాయ్ టెరిటరీ’ అని అర్థమనీ, అది బానిసత్వపు గుర్తనీ మా ఆఫీసులో ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. పార్లమెంటులోనూ ఈ మాట వచ్చిందట. నిజమేనా? (ఒక పాఠకుడు, విజయవాడ)

పార్లమెంటులో ఆ మాట వచ్చిన సంగతి నిజమే. ఆ అర్థం మాత్రం ఎవరో తరువాత అల్లినది.

విమానానికి ఏ దేశానిదో తెలిపే గుర్తు ఉండాలని 1919 నాటి పారిస్ ఒప్పందంలో నిర్ణయించారు. అప్పుడు బ్రిటన్‌కు ‘జీ’ అక్షరం రాగా, బ్రిటిష్ ఇండియా విమానాలకు ‘జీ-ఐ’తో మొదలయ్యే వరస ఇచ్చారు. తరువాత 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశంలో వైర్‌లెస్ కేంద్రాలు తమను తాము చెప్పుకోవడానికి వాడే పిలుపు గుర్తులను దేశాలవారీగా పంచారు. ఆ పంపకంలో బ్రిటిష్ సామ్రాజ్యంలోని పలు భాగాలకు ‘వీ’తో మొదలయ్యే గుత్తులు దక్కాయి. వీటీ నుంచి వీడబ్ల్యూ వరకు ఉన్న గుత్తి మన వంతుకు వచ్చింది. విమానాల మీద రాసే అక్షరాలు కూడా ఆ గుత్తి నుంచే తీసుకోవాలనడంతో 1929 నుంచి మన విమానాలు వీటీ అయ్యాయి.

మీ సహోద్యోగి వాదం ఎక్కడ తేలిపోతుందో చూడాలంటే పక్కవాళ్లను చూడాలి. ఆస్ట్రేలియా విమానాలకు ఈనాటికీ ‘వీహెచ్’ గుర్తే ఉంది, ఆ దేశంలో వైస్రాయ్ అనే పదవి ఎన్నడూ లేదు. సిలోన్ విమానాలు ఒకప్పుడు ‘వీపీ’తో ఎగిరాయి. హాంకాంగ్ 1997లో చైనాకు అప్పగింత జరిగేదాకా ‘వీఆర్’ వాడింది. సామ్రాజ్యపు పంపకంలో వచ్చిన అక్షరమని అన్నంత వరకు ఆయన మాటలో నిజముంది. దాన్ని విడదీసి అర్థం చెప్పినప్పుడే పొరపాటు జరిగింది. మార్చుకోవాలని మనవాళ్లు అడిగినప్పుడు, కోరిన అక్షరాలు అప్పటికే ఇతరుల వంతులో ఉన్నాయని తేలింది. ఏటీ నుంచి ఏడబ్ల్యూ వరకు ఉన్న గుత్తి కూడా మనదే కనుక దారి లేదని అనలేము. కానీ ఒక్కొక్క విమానానికీ రంగు వేసి, కాగితాలన్నీ తిరగరాసే ఖర్చు ఆ రెండక్షరాలకు పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. వద్దన్నదే నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ అక్షరాల వరస తెగిపోకుండా ఉండటమే స్పాటరుకు పెద్ద ఆస్తి. వీటీ తరువాతి మూడక్షరాలను చాలాకాలం వరసగా ఇస్తూ వచ్చారు కాబట్టి, వాటిని చూసి వయసు చెప్పవచ్చు. 1932లో జేఆర్‌డీ టాటా నడిపిన చిన్న విమానం వీటీ-ఏడీఎన్. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ తొలి సర్వీసు నడిపిన కాన్‌స్టెలేషన్ విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ వీటీ-సీక్యూపీ. 1971లో వచ్చిన తొలి జంబో జెట్ ‘ఎంపరర్ అశోక’ వీటీ-ఈబీడీ. ఏ, సీ, ఈ అంటూ దశాబ్దాలు గడిచిన తీరు అందులోనే కనిపిస్తుంది. ఇటీవల మాత్రం సంస్థలు తమకు కావలసిన అక్షరాలు అడిగి తీసుకుంటున్నాయి. జెట్ ఎయిర్‌వేస్ విమానాలకు వీటీ తరువాత ‘జే’ రావడం, ఇండిగో విమానాల్లో చాలావాటికి ‘ఐ’ రావడం అందువల్లనే. వయసు చెప్పే సౌకర్యం దాంతో పోయింది, నాకు అది కాస్త వెలితి.

పేర్ల కన్నా అక్షరాలను ఎందుకు పట్టుకోవాలంటారా? మలబార్ ప్రిన్సెస్ 1950 నవంబరు 3న ఆల్ప్స్‌లోని మోన్ బ్లాన్ పర్వతాన్ని ఢీకొంది. పదిహేనేళ్లు దాటాక, 1966 జనవరి 24న, హోమీ భాభా ప్రయాణిస్తున్న బోయింగ్ 707 ‘కాంచన్‌జంగా’ కూడా అదే పర్వతం మీద కూలింది. అక్కడి మంచు కరుగుతున్న కొద్దీ రెండు విమానాల సామానూ బయటపడుతూ వచ్చింది. రెండూ ఒకే సంస్థవి, రెండూ ఒకే కొండ మీద పడ్డవి. కలగలిసే ఆ రెండు కథలనూ కాగితం మీద విడిగా ఉంచేవి వీటీ-సీక్యూపీ, వీటీ-డీఎంఎన్ అనే గుర్తులే.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో ‘డెక్కన్ ఎయిర్‌వేస్’ అని రాసిన ఇత్తడి బిళ్ల దొరికింది. ఇది ఏ కాలానిది? అలాంటి సంస్థ ఒకటి ఉండేదా? (ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

ఉండేది. మీరు ఉన్న ఊరికి పక్కనే, బేగంపేటలోనే దాని కాపురం. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో స్థాపించిన ఈ సంస్థ మరుసటి ఏడాది నుంచి ప్రయాణికులను తీసుకుపోవడం మొదలుపెట్టి, 1953 ఆగస్టు 1న ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. కనుక మీ బిళ్ల ఆ ఏడెనిమిదేళ్ల లోపుదే అయి ఉండాలి. ఇత్తడిని పాలిష్ పెట్టి తోమించవద్దు, పొడిగుడ్డతో తుడిచి ఉంచండి.

వాళ్లు నడిపినవి డకోటాలు, అంటే రెండు పంకాల అమెరికన్ విమానాలు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి అమెరికా సైన్యం మన దేశంలో వదిలిపోయిన డకోటాలు చవగ్గా దొరికాయి. వాటిలో చాలావాటిని బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో సీట్లు బిగించి ప్రయాణికులకు పనికివచ్చేలా మార్చారు. అలా దొరికిన విమానాలను నమ్ముకునే నలభైల చివర డెక్కన్ లాంటి చాలా విమాన సంస్థలు పుట్టుకొచ్చాయి. అంతమంది బతికేటంత గిరాకీ లేకనే అవి నష్టాల్లో పడ్డాయి. 1953 చట్టంతో డెక్కన్, భారత్, హిమాలయన్, కళింగ తదితర ఎనిమిది సంస్థలను కలిపినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికి 99 విమానాలు వస్తే, వాటిలో 74 డకోటాలే.

డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు చరిత్రలో నిలవడానికి మరొక కారణం ప్రేమ్ మాథుర్. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందిన ఆమె, మన దేశంలో ఆ లైసెన్సు అందుకున్న తొలి మహిళ. మిగతా సంస్థలు కాదన్న తరువాత ఆమెకు కాక్‌పిట్‌లో చోటిచ్చింది హైదరాబాదు సంస్థే. మీ తాతగారు అందులో పనిచేసినవారైతే ఆమెను చూసే ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

అదే కాలంలో, 1949లో, రాత్రి తపాలా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయలుదేరిన నాలుగు విమానాలు నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు చేరేవారు. పటం మీద మద్రాసు నుంచి నాగపూర్‌కు గీత గీయండి. అది దాదాపుగా ఒంగోలు, వరంగల్‌ల మీదుగా పోతుంది. మన పల్లెల్లో ఆరుబయట పడుకున్నవాళ్లకు ఆ డకోటా మోతే అర్ధరాత్రి గడియారమై ఉంటుందని నా ఊహ.

ప్రశ్న: జేఆర్‌డీ టాటా తొలి తపాలా విమానం బళ్లారిలో దిగిందని మా నాన్నగారు అనేవారు. బొంబాయికీ కరాచీకీ మధ్య బళ్లారి ఎక్కడిది? (ఒక పాఠకుడు, అనంతపురం)

మీ నాన్నగారు చెప్పిందే నిజం, అయితే బళ్లారి దాకా నడిపింది జేఆర్‌డీ కాదు. 1932 అక్టోబరు 15న ఆయన కరాచీ నుంచి అహమదాబాదు మీదుగా బొంబాయిలోని జుహూ వరకే నడిపారు. మోసుకొచ్చిన ఉత్తరాల బరువు 55 పౌనులు, అంటే 25 కిలోలు. అహమదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. జుహూ నుంచి ఆయన భాగస్వామి నెవిల్ వింట్‌సెంట్ ఉత్తరాలు అందుకుని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. బళ్లారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే కనుక, తెలుగువాళ్లు చాలామంది ఉన్న గడ్డ మీద ఆ తపాలా సర్వీసు తొలిసారి దిగిన చోటు అదేనని మీ ఊళ్లో ధైర్యంగా చెప్పుకోవచ్చు. కొన్నాళ్లకు ఆ మజిలీ హైదరాబాదుకు మారింది.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. శంషాబాద్ పరిసరాల నుంచి తీసిన ఫోటోల్లో విమానం నల్లగా, నీడలాగా వస్తోంది. కెమెరా మార్చాలా? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

కెమెరాను అలాగే ఉంచి, నువ్వు నిలబడే చోటు మార్చు. అక్కడి రన్‌వేల పేర్లు చూడు: ఒక కొసన 09, మరొక కొసన 27. దిక్సూచి చూపే డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే వచ్చే అంకెలు అవి. 090 అంటే తూర్పు, 270 అంటే పడమర. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది కనుక దానికి దక్షిణం వైపు నిలబడితే ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు నీ వీపు వెనకే ఉంటాడు. నువ్వు ఉత్తరం వైపు నిలబడి ఎండకు ఎదురుగా తీస్తున్నావని నా అనుమానం. అయితే హైదరాబాదు అక్షాంశానికి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఎటు నిలబడ్డా ఒకటే, ఇంట్లో పడుకోవడం మేలు. పైగా వేడికి నేల నుంచి లేచే వేడిగాలి పొరలో విమానం నీళ్లలో మునిగినట్టు వంకరగా వస్తుంది. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఆ వంకర పోదు.

గాలి సంగతి కూడా తెలుసుకోవాలి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కనుక విమానాలు తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి. సాయంత్రపు ఎండ సూటిగా వాటి ముక్కు మీద పడుతుంది. చలికాలంలో గాలి తిరిగి, తూర్పు ముఖంగా దిగడం మొదలైనప్పుడు ఉదయపు ఎండ బాగుంటుంది. వానాకాలం సాయంత్రాలు, చలికాలం ఉదయాలు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

జెట్‌లకు షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు ఉంచు. ఏటీఆర్ లాంటి పంకాల విమానానికి అదే వేగం పెడితే పంకా ఆగిపోయినట్టు కనిపించి, ఇంజను చెడిన విమానాన్ని తీశావనుకుంటారు. దానికి నూట పాతికో వంతు నుంచి రెండు వందల యాభయ్యో వంతు వరకు దించి, విమానంతోపాటు కెమెరాను తిప్పుతూ తియ్యి. మొదట్లో పదింటికి తొమ్మిది పాడవుతాయి.

ఏ రోజు ఏది వస్తుందో చెప్పలేం. 2016 మే నెలలో ప్రపంచంలోకెల్లా పెద్ద విమానమైన ఆంటొనోవ్ 225 ఆస్ట్రేలియాకు జనరేటర్ మోసుకుపోతూ శంషాబాద్‌లో దిగింది. ఆరు ఇంజన్లు, 84 మీటర్ల పొడవు. ప్రపంచంలో అలాంటిది ఒక్కటే ఉండేది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లో అది అక్కడి హోస్టొమెల్ విమానాశ్రయంలో ధ్వంసమైంది. ఆనాడు తీసినవాళ్ల ఫోటోలు ఇప్పుడు వెల కట్టలేనివి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా మేడ మీది నుంచి విమానాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఫోటో తీస్తే నేరమా? (పలువురు పాఠకులు)

ఈ ప్రశ్నకు నేను వకీలు లాగా జవాబు ఇవ్వలేను కానీ, జాగ్రత్తపరుడైన స్పాటరు లాగా ఇస్తాను. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. ప్రయాణికుల విమానాలు దిగేది కూడా ఆ స్థావరపు రన్‌వే మీదనే. రక్షణ స్థలాల చిత్రాల విషయంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం కఠినమైనది. మీరు తీసింది ఇండిగో విమానమే అయినా, దాని వెనక ఏం పడిందో మీరు గమనించి ఉండరు. అందుకని విశాఖలోనూ, వాయుసేన స్థావరం ఉన్న బేగంపేటలోనూ స్థావరం వైపు కెమెరా ఎత్తవద్దు. కంటితో చూసి అక్షరాలు రాసుకోండి. ఇతర విమానాశ్రయాల్లో కూడా ఆవరణలో ఫోటోలకు అనుమతి అవసరమనే నియమం 1937 నాటి విమాన నిబంధనల కాలం నుంచి ఉంది. బయట రోడ్డు మీద ఉన్నప్పుడైనా పోలీసులు వద్దంటే వాదనకు దిగకుండా కదలండి.

మరీ భయపెడుతున్నానని అనుకోవద్దు. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటా సైనిక స్థావరంలో ప్రదర్శన చూడబోయిన 12 మంది బ్రిటిష్ స్పాటర్లనూ, ఇద్దరు డచ్చివారినీ గూఢచారులని పట్టుకున్నారు. అక్షరాలు పోగుచేయడం కోసం ఇంత దూరం వచ్చారంటే అక్కడి న్యాయస్థానం మొదట నమ్మలేదు. శిక్ష పడి, ఏడాదికి అప్పీలులో నిర్దోషులయ్యారు. 2010లో ఢిల్లీలో రన్‌వే కనిపించే హోటలు గది అడిగి, రేడియో పరికరాలతో కూర్చున్న ఇద్దరు బ్రిటిష్‌వారూ అరెస్టయి, చివరికి జరిమానా కట్టి బయటపడ్డారు. పైలట్ల సంభాషణ వినే రేడియో జోలికి మనం పోకపోవడమే మంచిది.

తృప్తిగా ఫోటోలు తీసుకోవాలంటే రెండేళ్లకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలో, ప్రజలను అనుమతించే రోజుల కోసం చూడండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకు ఎయిర్‌బస్, బోయింగ్‌ల తేడా ఎలా చెప్పాలి? (ఒక తల్లి, కరీంనగర్)

లేచే విమానపు పొట్ట చూడమనండి. బోయింగ్ 737 చక్రాలు పైకి ముడుచుకున్నాక కూడా వాటి మీద తలుపు మూసుకోదు, రెండు నల్లని గుండ్రని టైర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎయిర్‌బస్ 320కి తలుపు మూసుకుని పొట్ట నునుపుగా ఉంటుంది. రెక్కలు నెత్తి మీద, తోక ఇంగ్లీషు ‘టీ’ అక్షరం లాగా ఉంటే ఏటీఆర్. వారంలో వాడు మీకే పాఠం చెబుతాడు.

ప్రశ్న: అమెరికాలో వర్జీనియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. మాకు విమానాల మీద ఆసక్తి ఉంది. అక్కడ ఏం చూడాలి? (ఒక దంపతులు, గుంటూరు)

అదృష్టవంతులు. డలెస్ విమానాశ్రయం పక్కన చాంటిలీలో, 2003లో తెరిచిన ఉద్వర్-హేజీ మ్యూజియం ఉంది. ధ్వని కన్నా వేగంగా ఎగిరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ అక్కడే ఉంది. అందరూ దాని ముందే నిలబడతారు. మీరు మాత్రం ఇంకొంచెం ముందుకు వెళ్లి, పసుపు, గోధుమ రంగులు వేసిన ఒక బోయింగ్‌ను వెతకండి. 1954లో ఎగిరిన ఆ నమూనా నుంచే 707 పుట్టింది, 1960లో ఎయిర్ ఇండియాను జెట్ యుగంలోకి తెచ్చింది ఆ 707లే. అదే భవనంలోని పరిశీలన గోపురం ఎక్కితే డలెస్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. ఒక సాయంత్రం వాషింగ్టన్ నగరపు విమానాశ్రయం పక్కనున్న గ్రావెలీ పాయింట్ పార్కుకు కూడా తీసుకువెళ్లమని అమ్మాయిని అడగండి. గాలి అనుకూలిస్తే విమానాలు తలల మీదుగానే దిగుతాయి. గడ్డి మీద దుప్పటి పరుచుకుని పిల్లాజెల్లాతో కూర్చుని చూస్తారు, ఎవరూ వద్దనరు.

ప్రశ్న: ఫోన్‌లో యాప్ తెరిస్తే నెత్తి మీద పోతున్న విమానం ఎక్కడిది, ఎంత ఎత్తున ఉంది, దాని అక్షరాలేమిటి అన్నీ వస్తున్నాయి. ఇంకా నోటుపుస్తకం ఎందుకు? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

యాప్‌లను నేనూ వాడతాను. విమానం తన స్థానాన్ని 1,090 మెగాహెర్ట్జ్ మీద తానే చెప్పుకుంటూ పోతుంటే, ఇళ్ల మీద చిన్న యాంటెన్నాలు పెట్టుకున్న వేలమంది దాన్ని అందుకుని పంపుతున్నారు. స్వీడన్‌లో 2006లో సరదాగా మొదలైన ఫ్లైట్‌రాడార్24 అలాగే పెరిగింది. ఇవాళ ఎగురుతున్నదాన్ని అది చెబుతుంది. అంతకుముందు ఎగిరినదాన్ని చెప్పాలంటే ఎవరో ఒకరు కాగితం మీద రాసి ఉండాలి.

1974లో, నాకు పన్నెండేళ్లప్పుడు, మా చిన్నాన్నను తీసుకురావడానికి నాన్నగారితో బేగంపేట వెళ్లాను. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆవ్రో ఒకటి కంచెకు చాలా దగ్గరగా ఆగి ఉంది, మెకానిక్ ఒకాయన దాని ఎడమ చక్రం దగ్గర వంగి ఏదో తుడుస్తున్నాడు. కాన్పూరులో మనవాళ్లే తయారుచేసిన ఆ విమానాల్లో ఒక్కొక్కదాని గతి ఒక్కో రకంగా ముగిసింది. నేను చూసినది వాటిలో ఏదో తెలుసుకోవాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను. ఆనాటి నా పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో తేదీ రాశాను, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలని రాశాను, ఆకాశం మబ్బుగా ఉందని రాశాను. మెకానిక్ చేతిలోని గుడ్డ నీలం రంగుదని కూడా రాశాను. తోక దగ్గరి అక్షరాలు రాయలేదు.